రీస్టార్ట్ కొట్టే ముందు టైమ్ రాసుకోండి

మన క్లాసులో ఎవరి నెట్ పోయినా వాట్సాప్ గ్రూపులో వచ్చే మొదటి సలహా ఒకటే: "ఆఫ్ చేసి ఆన్ చెయ్ రా." నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. జూలై సెలవుల తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకో చెప్తాను. నాది నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం, కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం అడగండి.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో సపోర్ట్‌మన్, అండర్‌గ్రౌండ్ బాయిలో డ్యూటీ. వారానికోసారి షిఫ్ట్ మారుతుంది. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున 7 నుంచి 3 దాకా, సెకండ్ షిఫ్ట్ 3 నుంచి రాత్రి 11 దాకా, నైట్ షిఫ్ట్ 11 నుంచి పొద్దున 7 దాకా. మా ఊళ్లో చాలా ఇళ్లలో వంట, నిద్ర, చుట్టాల రాక అన్నీ ఈ మూడింటి ప్రకారమే నడుస్తాయి.

నేను ఇంటికి వచ్చిన మొదటి వారం నెట్ రోజూ మధ్యాహ్నం నాలుగింటికి పోయేది, ఆరు దాటాక వచ్చేది. బాక్స్ మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగేది. లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే ఫైబర్‌లోంచి వెలుతురే రావట్లేదని అర్థం. నేనేం చేశాను? డీఎన్‌ఎస్ మార్చాను. వైఫై ఛానెల్ మార్చాను. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. కరెంటు లేని ఇంట్లో టీవీ ఛానెల్ మార్చినట్టే ఇది. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో ఫిజికల్ లేయర్ అన్నిటికంటే కింద ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, ఇంట్లో మాత్రం పైనుంచి మొదలుపెట్టాను.

లైన్‌మన్ అన్న రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ పొద్దున్నే. "లైన్ బాగనే ఉంది తమ్మీ" అని మీటర్ చూపించి పోయాడు. అబద్ధం చెప్తున్నాడనుకున్నాను. పక్కింటి అంకుల్ అసలు కారణం చెప్పాడు: "ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ గొడ్తలేరా? దానికే." మా దగ్గర గోడ బీటలు వారినా, గ్లాసు కింద పడినా ముందు గుర్తొచ్చేది బ్లాస్టింగే. అది కూడా మధ్యాహ్నం పూటే. టైమ్ కలిసింది కదా, నమ్మేశాను. అదురుకు కనెక్టర్ వదులవుతోందని నాకు నేనే ఒక థియరీ కూడా చెప్పుకున్నాను.

రెండో వారం నాకు ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్ టెస్ట్ ఉంది. మధ్యాహ్నం నెట్ ఉండదు కాబట్టి తెలివిగా పొద్దున 10 గంటల స్లాట్ పెట్టుకున్నాను. 22వ నిమిషంలో ఎర్ర లైటు. ఫోన్ హాట్‌స్పాట్ కలిపేలోపు టెస్ట్ మూసుకుపోయింది. రెండో ఛాన్స్ లేదు. ఛార్జర్ నేలకేసి కొట్టి, "ఈ ఇంట్లో ఒక్కటి కూడా సక్కగుండదు" అని అరిచాను. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న బాపు ఆ అరుపుకు లేచి, గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. రెండు నిమిషాల్లో నెట్ వచ్చింది. సమాధానం నా కళ్ల ముందే నిలబడింది, నేను చూడలేదు. కోపంలో ఉన్నాను.

ఆ రోజు నుంచి నెట్ పోయిన టైమూ, వచ్చిన టైమూ రాయడం మొదలుపెట్టాను. చేతికి దొరికింది వంటింటి గోడ క్యాలెండర్. పాలు, గ్యాస్ బండ, బాపు షిఫ్ట్ అన్నీ అమ్మ దాని మీదే రాస్తుంది. ఆ వారమంతా పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా గుర్తులు పడ్డాయి. మూడో వారం ఒక్కసారి కూడా పోలేదు. బాగైపోయిందనుకున్నాను. నాలుగో వారం మళ్లీ మధ్యాహ్నాలు.

అమ్మ క్యాలెండర్ చూసి కూరగాయలు కోస్తూనే అన్నది: "మీ బాపు పగటీలి పండుకున్నప్పుడే పోతున్నది గదరా. సెకండ్ షిఫ్ట్ వారం పోనేలేదు సూడు."

నవ్వాను. ఫైబర్‌కూ బాపు నిద్రకూ ఏం సంబంధం? అమ్మ వాదించలేదు. "పోయి తలుపు తీసి సూడు" అన్నది, అంతే.

సంబంధం తలుపే. వెనక పోల్ నుంచి వచ్చే ఫైబర్ బాపు గది కిటికీలోంచి లోపలికొచ్చి, దర్వాజకూ తలుపుకూ మధ్య సందులోంచి ముందు గదిలోని బాక్స్‌కు వస్తుంది. రాత్రి అందరం పడుకున్నాక గాలి కోసం ఆ తలుపు తీసే ఉంచుతాం. పగటి నిద్రకు మాత్రం టీవీ, కుక్కర్ విజిల్, నా ఫోన్ మాటలు వినపడకుండా బాపు గట్టిగా వేసుకుంటాడు. ఎండాకాలంలో సందు ఉండేది. వానలకు చెక్క ఉబ్బి తలుపు ఫైబర్‌ను నొక్కడం మొదలుపెట్టింది. అందుకే జూలైలోనే మొదలైంది.

గాజు పోగులో వెలుతురు లోపలి గోడలకు తగులుతూ బయటికి పోకుండా ప్రయాణిస్తుంది. పోగును మరీ ఎక్కువ వంచితే ఆ వెలుతురు బయటికి జారిపోతుంది. ఇళ్లకు డౌన్‌లోడ్ డేటా తెచ్చే 1490 నానోమీటర్ల కాంతి, అప్‌లోడ్ వాడే 1310 కంటే వంపుకు తొందరగా లొంగుతుంది. బాక్స్ సెట్టింగ్స్ పేజీలో పవర్ చూశాను. తలుపు తీసి ఉంటే మైనస్ 21 డీబీఎం, సగం వేస్తే మైనస్ 26, పూర్తిగా వేస్తే ఎర్ర లైటు. ఈ లెక్కలో 3 తగ్గితే వెలుతురు సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. ఇలాంటి బాక్సులు మామూలుగా మైనస్ 27 దాకా తట్టుకుంటాయి. తలుపు వేసి తీసి ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ అదే.

లైన్‌మన్ అన్న మూడోసారి వచ్చి ఫైబర్‌ను వెంటిలేటర్‌లోంచి మార్చాడు. అరగంట పని. "నేనొచ్చినప్పుడల్లా తలుపు తీసే ఉండె తమ్మీ" అన్నాడు. నిజమే. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన చూసినప్పుడు లైన్ బాగానే ఉంది.

ఇలాంటిది మనకే జరగలేదు. వేల్స్ దేశంలో అబెర్‌హోసన్ అనే పల్లెలో 18 నెలలపాటు రోజూ పొద్దున 7 గంటలకు ఊరి బ్రాడ్‌బ్యాండ్ మొత్తం దెబ్బతినేది. కేబుళ్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజినీర్లు తెల్లవారకముందే మీటర్లు పట్టుకుని ఊరంతా తిరిగితే, ఒక ఇంట్లో ఏడింటికి ఆన్ చేసే పాత టీవీ నుంచి వచ్చే విద్యుత్ అలజడి దొరికింది. 2020లో ఇది వార్తల్లోకెక్కింది. అక్కడ కూడా దారి చూపింది టైమే.

నేననేది ఇది. నెట్ పోవడం కంప్యూటర్ సమస్యే కావచ్చు, కానీ అది పోయే వేళలు మనుషుల వేళలు. ఎవరు ఎప్పుడు లేస్తారు, ఏ స్విచ్ వేస్తారు, ఏ తలుపు మూస్తారు అనేది రౌటర్ లాగ్‌లో ఉండదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. రీస్టార్ట్ కొడితే ఒక్కోసారి పని జరుగుతుంది, నిజమే. కానీ ఎందుకు పోయిందో చెప్పే గుర్తులు కూడా దాంతోపాటే పోతాయి.

టైమ్ కలిస్తే చాలదు కూడా. బ్లాస్టింగ్ టైమ్ కూడా కలిసింది కదా! నా థియరీని నేను ఒక్కసారి కూడా పరీక్షించలేదు. అమ్మ మాటను మాత్రం తలుపు తీసి చూడొచ్చు. పైగా నేను నెట్ పోయిన రోజులే చూశాను, అమ్మ పోని వారాన్ని చూసింది.

బాపుకు ఇదేం కొత్త కాదు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును రాడ్‌తో కొట్టి వింటారు. గట్టి సప్పుడైతే సరే, డొల్ల సప్పుడైతే కిందికి పోరు. "అక్కడ రీస్టార్ట్ ఉండదు బిడ్డా" అన్నాడు నవ్వుతూ.

కానీ ముందు ఆయన అడిగింది వేరే మాట: "అంటే నా నిద్రకేనా నీ పరీక్ష పోయింది?" కాదన్నాను. నమ్మినట్టు లేదు. లైన్‌మన్ వచ్చేదాకా రెండు రోజులు మధ్యాహ్నాలు తలుపు తీసే పడుకున్నాడు. కుక్కర్ విజిల్‌కు లేచి కూర్చోవడం చూశాను. పొద్దున ఐదింటికి లేచి బాయికి పోయే మనిషి.

ఇప్పుడు ఎవరి నెట్ పోయినా నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. టైమెంత? ఏ లైటు వెలుగుతోంది? ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరేం చేస్తున్నారు? మీరూ అడగండి, రీస్టార్ట్ తర్వాత కొట్టొచ్చు. నా టెస్ట్ అయితే తిరిగి రాలేదు. బాపు మాత్రం మళ్లీ తలుపు వేసుకుని పడుకుంటున్నాడు.