మేము మోయని బిందె



మాకు వ్యాయామమంటే మక్కువ. షుగరున్నదని డాక్టరుగారు చెప్పిన నాటినుండి, అనగా ఆరేండ్లుగా, తెల్లవారుజామున లేచి చెరువుగట్టు మీద గంటసేపు నడుచుట, ఇంటికి వచ్చి నలభై దండీలు తీయుట మా అలవాటు. నడచునప్పుడు కండరములు రక్తములోని చక్కెరను వాడుకొనును గనుక మాకెంతో మేలు కలిగినది. వాన కురిసినను నడక మానలేదు. ఆ సంగతి నలుగురికి చెప్పుకొనుటయు మానలేదు.

గత వేసవిలో మా ఇల్లాలికి జ్వరము వచ్చినది. బోరింగు నుండి నీళ్లు మేమే మోయవలసి వచ్చినది. మూడవ బిందెకు ఆయాసము, నాలుగవ బిందెకు నడుము పట్టినది. ఆమె మంచము మీదనుండి, "నాకు రోజుకు పది బిందెలండీ" అని మెల్లగా అన్నది. ఆరేండ్లు ఆమె బిందెతో ఎదురుపడుచుండగా మేము చేతులూపుకొనుచు దాటిపోయితిమి!

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల ఓ మోస్తరు శ్రమ, రెండు దినములైనను కండరములకు బలమిచ్చు పని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పొలము పని, ఇంటి పని కూడ శ్రమలోని లెక్కే. ఆ లెక్కన మా ఇంటిలో అసలు వ్యాయామము ఎవరిది?

ఇప్పుడు మా దండీలు ఇరవైకి తగ్గినవి. ఉదయము ఐదు బిందెలు మేమే తెచ్చుచున్నాము. ఆ వేళ ఆమె చెరువుగట్టు మీద ఖాళీ చేతులతో నడచి వచ్చుచున్నది.

సహోదరులారా, మీ ఇంట బిందె ఎవరి చంకనున్నదో రేపు ఉదయము చూడుడి.