బరికి ఆవలి ఇల్లు

ద్రౌపదీ ధర్మరాజుల గుడులున్న మన చిత్తూరు సీమ యూళ్ళలో భారతోత్సవములు చూచి పెరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. పగలు హరికథగా విని, రాత్రి వీధినాటకముగా చూచి, కథ పదునెనిమిదవనాటి యుద్ధమునకు వచ్చునప్పటికి, ఊరి బయలులో మట్టితో మలచిన బ్రహ్మాండమైన దుర్యోధన విగ్రహము చుట్టును జనులు మూగియుండగా, గెలుపెవ్వరిదను సందేహము పసిబిడ్డకైనను ఉండదు. గద యెత్తి ఆ మట్టిమేనిపై పరువులెత్తు భీమవేషధారి మీదికంటె, కురులు విరబోసికొని ప్రక్కన నిలిచిన ద్రౌపది మీదనే ఆడవారి చూపులు నిలుచును. తొడ విరిగిన పిమ్మట ఆమె జుట్టు ముడివేసికొను క్షణమునకై వారు ఎండను లెక్కచేయక కాచుకొని యుందురు. పోరు దాయాదులది, తీరవలసినది ఇంటి కోడలికి జరిగిన పరాభవము.

కిష్కింధలో వాలిసుగ్రీవుల ముష్టియుద్ధమును ఇట్టిదే. అన్నదమ్ములు ఒక్క పోలికగా నుండుటచే రాముడు బాణము వేయలేకపోయెననియు, మరల పోరునకు పోవునప్పుడు సుగ్రీవుని మెడలో లక్ష్మణుడు గజపుష్పి తీగను వేసెననియు వాల్మీకి చెప్పినాడు. ఎవ్వరు ఎవ్వరిని ఎన్ని గుద్దులు గుద్దినది నేడు మనకు జ్ఞాపకము లేదు. పోవలదని వాలిని బ్రతిమాలిన తార జ్ఞాపకమున్నది.

ఈ సంప్రదాయములో పెరిగిన ప్రేక్షకునికి మన చలనచిత్రములు చూపిన బాక్సింగు కథలేపాటివని విచారింపవలసియున్నది.

2003లో పూరి జగన్నాథ్ తీసిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ అందు మనకు మిక్కిలి చేరువైనది. అందలి క్రీడ కిక్‌బాక్సింగే యైనను, కథ కుటుంబముది. తమిళపు పిల్ల తెలుగింట మెట్టుట ఇతరులకు వింత కావచ్చును గాని, చిత్తూరులో వేలూరు బస్సెక్కి చుట్టపుచూపునకు పోవువారికి వింత కాదు. భర్తకు దూరమై ఒంటరిగా కొడుకును పెంచిన తల్లిగా జయసుధ, ఆమెతో చెలికానివలె మెలగు కొడుకుగా రవితేజ నటించిన ఘట్టములు మన తెరపై అరుదుగా కనబడు సహజత్వముతో నిండియున్నవి. తల్లి కన్నుమూసిన పిదప, తాను ఎరుగని తండ్రి గుమ్మములో ఆ కొడుకు నిలుచున్నప్పుడు కథ నిజముగా బరువెక్కును. అయితే అక్కడినుండి దర్శకుడు ఆ బరువును గుమ్మమునుండి బరిలోనికి దొర్లించినాడు. తండ్రి పశ్చాత్తాపపడనిండు, కొడుకు గెలువనిండు. ఆ తల్లి ఒంటరిగా గడిపిన యేండ్లకు సమాధానము ప్రత్యర్థి దవడ మీద దొరకునా?

మరుసటి యేడు తమిళమున ఈ కథను మరల తీసినప్పుడు తల్లి వేషము వేసిన నదియాయే, 2022లో వచ్చిన ‘గని’లోను తల్లియైనది. అందామె కొడుకుచేత బాక్సింగు జోలికి పోనని మాట తీసికొనును. ఒక చిత్రమున తల్లి మరణము, మరియొక చిత్రమున తల్లికిచ్చిన మాట: రెంటను ఆమె కొడుకు పిడికిలికి కారణముగా మాత్రమే మిగిలినది. ఆమె యింటిని ఎట్లు నెట్టుకొని వచ్చినదో తీరికగా చూపు ఓపిక మనవారికి లేకపోయినది.

ఈ లోపమును చాలవరకు దాటినది సుధ కొంగర తీసిన ‘గురు’. విశాఖపట్టణపు కూరగాయల అంగడినుండి పైకి వచ్చిన చెల్లెలిపై, అదే బరిలో పోలీసు ఉద్యోగమునకై యేండ్లతరబడి పాటుపడిన అక్కకు కలిగిన అసూయ అందు దాచబడలేదు. పోటీకి ముందు చెల్లెలి చేతికి హాని చేసిన చెయ్యి తోడబుట్టినదాని చెయ్యే. ఒక్కటే కొలువు, ఒక్కటే పూట తిండి, ఇద్దరు బిడ్డలు ఉన్న యింటిలో ప్రేమయు ఈర్ష్యయు ఒకే చాప మీద పరుండును. ఇటలీ దర్శకుడు విస్కోంటి 1960లో ‘రొక్కో అండ్ హిజ్ బ్రదర్స్’ చిత్రమున దక్షిణపు పల్లె విడిచి మిలానో నగరమునకు వలసపోయిన తల్లిని, ఆమె అయిదుగురు కొడుకులను చూపినప్పుడును ఇదే సత్యమును పట్టుకొన్నాడు. రొక్కో బాక్సింగు చేయునది కీర్తికై కాదు, అన్న చేసిన అప్పు తీర్చుటకై. కరవునకు ఊరు విడిచి బెంగుళూరునకును చెన్నపట్టణమునకును పోయిన రాయలసీమ కుటుంబములకు ఆ కథను విప్పి చెప్పనక్కరలేదు.

తెరను విడిచి చూచినను నిదర్శనములు కలవు. 2022లో ఇస్తాంబులులో ప్రపంచ విజేతయై, మరుసటి యేడు ఢిల్లీలో ఆ గౌరవమును నిలుపుకొన్న నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ వెనుక, గల్ఫు కొలువు వదలి బిడ్డలకొరకు తిరిగివచ్చిన తండ్రియు, వాచిన మొగముతో ఇల్లు చేరిన కూతురిని చూచి తల్లడిల్లిన తల్లియు ఉన్నారు. ఆడపిల్ల ఆటదుస్తులను గూర్చి ఇరుగుపొరుగువారు ఆడిన మాటలను ఓర్చినవారును వారే. 2017లో భుజము గాయపడి ఆమె బరికి దూరమైన కాలము ఏ చిత్రపు పతాక సన్నివేశముకంటె తక్కువది?

ఆ నిజామాబాదు సీమకే మన తలుపులపల్లెనుండి వెళ్ళి, డిచ్‌పల్లి ఆస్పత్రిలో కుష్ఠురోగులకు వైద్యము చేయుచు నవలలు వ్రాసిన కేశవరెడ్డిగారిని ఇచ్చట తలపక తప్పదు. ‘అతడు అడవిని జయించాడు’లో చప్పట్లు లేవు, తీర్పరి లేడు, గంట మ్రోగదు, ఒక్క రాత్రి, ఒక ముసలివాడు, అతని పంది, దాని పిల్లలు, చుట్టును అడవి. అయినను ఆ పోరాటమునందలి ఉత్కంఠ ఏ క్రీడాచిత్రమునకును అందలేదని మా నిశ్చితాభిప్రాయము; ఏలయన, ఓడినచో ఏమి పోవునో ఆ రచయిత మొదటనే మన యెదుట నిలిపినాడు.

మన సీమ తెరకెక్కినప్పుడెల్ల వేటకొడవలియు, నాటుబాంబును, బెదిరింపునకు వాడు మన యాసయు తప్ప మరేమియు కనబడకుండుట మనకు తీరని కష్టము. చిత్తూరు మండలమున పాడిమీద బ్రతుకు ఇండ్లెన్ని! తెల్లవారుజామున తల్లి పాలు పిదికి, కేంద్రమునకు పోయవలసినవి క్యానులో పోసి, బరిలో దిగవలసిన బిడ్డకు లోటాలో ఎంత మిగిల్చినదో చూపు ఒక్క ఘట్టము చాలదా, ఆ యింటి లెక్కయంతయు తెలియుటకు?

తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో కథలు వ్రాయుచున్న యువకులకును యువతులకును మా విన్నపము: మన మాటలో, మన యింటినుండి బయలుదేరి బరికి పోవు కథనొకదానిని వ్రాసి మాకు పంపుడు. నిడివి ఎంతయైనను సరే, కుదింపక ప్రచురింతుము.