మనకు తక్కువైంది తెలివి కాదు, టైము

పోస్టు కొంచెం పెద్దది, శుక్రవారం తీరిగ్గా చదవండి.

ఇక్కడ దోహాలో స్టోర్‌కీపర్లుగా, టైంకీపర్లుగా, సైట్ సూపర్‌వైజర్లుగా చేస్తున్న మనోళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. బీకాం, బీటెక్ చదివి, ఇంటి అప్పు తీర్చడానికి విమానం ఎక్కినవాళ్లమే. మనలో ఒకడు "జీమ్యాట్ రాస్తా, ఎంబీయే చేస్తా" అంటే రూములో ముందు వినపడేది నవ్వు. "అది సాఫ్ట్‌వేర్ వాళ్ల పరీక్షరా, మన ఇంగ్లీషుకు అయ్యే పనేనా?" అంటారు. ఆ నవ్వు తప్పని మేం అంటున్నాం.

పరీక్ష ఏంటో ముందు చూడండి. మొత్తం 2 గంటల 15 నిమిషాలు. మూడు భాగాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు. క్వాంట్‌లో 21 ప్రశ్నలు, వెర్బల్‌లో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. స్కోరు 205 నుంచి 805 దాకా. 2024 ఫిబ్రవరి నుంచి ఈ కొత్త పద్ధతి ఒక్కటే నడుస్తోంది. జామెట్రీ లేదు, వ్యాసం లేదు, మనల్ని ఎక్కువ భయపెట్టిన సెంటెన్స్ కరెక్షన్ కూడా లేదు. వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌లలో ఇంకా అవే ఉన్నాయి. అవి చూసి "మన వల్ల కాదు" అనుకుని వదిలేస్తున్నారు.

మిగిలిన లెక్కలు శాతాలు, నిష్పత్తులు, సమీకరణాలు. డేటా ఇన్‌సైట్స్‌లో పట్టికలు, గ్రాఫులు, ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అనే ప్రశ్నలు. ఉదాహరణకు, ఓటీ రేటు బేసిక్‌కు ఒకటింపావు వంతు అనుకోండి. ఒక మేస్త్రీకి ఈ నెల ఓటీ ఎంత వచ్చింది? ఒకటి: అతని బేసిక్ గంటకు 8 రియాల్స్. రెండు: 40 గంటల ఓటీ చేశాడు. ఏ ఒక్కటీ చాలదు, రెండూ కలిస్తే చాలు. అదే జవాబు. మొత్తం ఎంతో లెక్క కట్టక్కర్లేదు. టైంషీట్ రోజూ చూసే మనోడికి ఇది కొత్త విషయమా?

మరి ఎక్కడ ఆగిపోతున్నాం? మూడు చోట్ల.

మొదటిది టైము. పన్నెండు గంటల డ్యూటీ, బస్సు, వంట, ఇంటికి ఫోను. ఇక మిగిలేది గంటో గంటన్నరో. ఆరు నెలలు పడుతుందనుకుని మొదలుపెట్టాలి. రెండు నెలల్లో అయిపోతుందని చెప్పే ప్రకటనలు మన డ్యూటీ చూసి రాసినవి కావు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. బయట పనిచేసేవాళ్లకు ఆ గంటల్లో కొంత చదువుకు దొరుకుతుంది.

రెండోది చోటు. ఆన్‌లైన్‌లో రాయాలంటే గదిలో మనం ఒక్కళ్లమే ఉండాలి, మధ్యలో ఎవరూ రాకూడదు. బంకు మంచాల రూములో అది జరగదు. సెంటర్‌కు వెళ్లి రాయడమే మేలు.

మూడోది పాస్‌పోర్టు. మన దేశం బయట ఈ పరీక్ష రాసేవాళ్లకు అదే గుర్తింపు. జిరాక్స్ చెల్లదు. ఖతర్ చట్టం ప్రకారం, మనం రాతపూర్వకంగా కోరితే తప్ప కంపెనీ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు, అడిగితే ఇచ్చేయాలి. పరీక్ష ముందురోజు హెచ్ఆర్ చుట్టూ తిరగకండి. ఫీజు కట్టే ముందే తీసుకోండి. అందులో ఇంటిపేరు, పేరు ఎలా ఉంటే రిజిస్ట్రేషన్‌లో అలాగే రాయండి.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. పరీక్ష ఫీజే రెండు వందల డాలర్ల పైమాట. హైదరాబాద్ ఐఎస్‌బీ లాంటి చోట కోర్సు ఖర్చు ముప్పై లక్షలు దాటుతుంది. ఊళ్లో వడ్డీకి తెచ్చి చదివే చదువు కాదు ఇది. మంచి స్కోరు వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. వ్యాసాలు, ఇంటర్వ్యూ, పై ఆఫీసరు రాసిచ్చే సిఫారసు లేఖ కూడా అడుగుతారు.

అయినా ఇది మన బతుక్కు సరిపోయే పరీక్షే అని మా వాదన. క్యాట్ రాయాలంటే ఏడాదికి ఒక్కసారి, నవంబర్‌లో, ఇండియాకే పోవాలి. లీవు దొరకాలి, టికెట్ కొనాలి. ఆ స్కోరు ఆ ఏటి అడ్మిషన్లకే పనికొస్తుంది. జీమ్యాట్ ఉన్న ఊళ్లోనే రాయొచ్చు, స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. అంటే ఈ కాంట్రాక్టులో పరీక్ష రాసి, వచ్చే కాంట్రాక్టులో పైసలు కూడబెట్టి, అప్పుడు అప్లై చేయొచ్చు. ఐఎస్‌బీతో పాటు ఐఐఎంలలో అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏడాది కోర్సులు ఈ స్కోరు తీసుకుంటాయి.

కోచింగ్‌కు వేలకు వేలు కట్టే ముందు ఒక పని చేయండి. పరీక్ష పెట్టేవాళ్ల సైటు ఎంబీఏ డాట్ కామ్‌లో రెండు పూర్తి మాక్ టెస్టులు ఉచితం. ఒకటి ఇప్పుడే రాయండి. ఎక్కడ తప్పుతున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రెండోది చివరికి దాచుకోండి. రోజూ ఇంగ్లీషు పేపర్‌లో ఒక సంపాదకీయం చదివి, రాసినాయన ఏమంటున్నాడో, దేని ఆధారంగా అంటున్నాడో తెలుగులోనే చెప్పుకోండి. వెర్బల్‌లో అడిగేది దాదాపు అదే.

చివరగా, చదవని మనందరికీ ఒక మాట. రూములో ఒకడు పుస్తకం తీస్తే రాత్రి ఒక గంట ఫోన్ సౌండ్ తగ్గిద్దాం. వాడి వంట వంతు వారంలో రెండు రోజులు మనం చేద్దాం. ఊరికి పైసలు పంపాల్సి వస్తే చేబదులు ఇచ్చుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. వాడు ఎంబీయే చేస్తాడో లేదో తర్వాత సంగతి. ముందు ఆ నవ్వు మానేద్దాం.