పత్రికలో అక్షింతలు, పెళ్లిలో హల్దీ

పత్రికల్లో పనిచేసేవాళ్లంత కర్మిష్ఠులు ఇంకెక్కడా కనిపించరు. పొద్దున ఒక పథకానికి శ్రీకారం చుడతాం, సాయంత్రానికి ఇంకోదానికి మంగళం పాడతాం. ఒకాయనకు పట్టాభిషేకం చేస్తాం, మరొకాయనకు ఉద్వాసన చెబుతాం. అధికారులకు అక్షింతలు వేయిస్తాం, డిపాజిటర్లకు శఠగోపం పెట్టిస్తాం, నిబంధనలకు తిలోదకాలు ఇప్పిస్తాం. నోటీసు వస్తే శ్రీముఖం, సభ జరిగితే తంతు, జనం మూగితే బ్రహ్మరథం. మడి కట్టుకోకుండా ఇన్ని క్రతువులు జరిపించే చోటు న్యూస్ డెస్కు ఒక్కటే. ఎన్నో ఏళ్లుగా నేనూ ఆ పౌరోహిత్యంలోనే ఉన్నాను.

దాని ఫలం కిందటి నెల మా చుట్టాలింటి పెళ్లిలో చేతికందింది. గట్టిమేళం మోగేముందు ఒకావిడ పళ్లెంలో అక్షింతలు పంచుతూ వచ్చింది. నా పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి కుర్రాడు గుప్పెట్లో గింజలు పట్టుకుని చెవిలో అడిగాడు: "పెద్దనాన్నా, అక్షింతలంటే తిట్లు కదా? వీళ్లకెందుకు వేస్తున్నాం?"

వాడు రోజూ తెలుగు పేపరు చదువుతాడు. ఇంకేమనాలి!

క్షతం అంటే గాయం. గాయపడనివి, విరగనివి అక్షతలు. అందుకే నూక పనికిరాదు. నిండు గింజలు ఏరి పసుపు, చుక్క నెయ్యో నూనో పట్టిస్తారు. తెలుగు నాలుక మీద అవి అక్షింతలయ్యాయి. వాటిని పెద్దవాళ్లు తలమీద వేస్తారు. తిట్లూ పెద్దవాళ్ల దగ్గర్నుంచే వస్తాయి, తలమీదే పడతాయి. ఆ పోలిక పట్టుకుని ఎవరో గడుసువాడు మందలింపును అక్షింతలన్నాడు. మంచి చమత్కారమే. కానీ అసలు అక్షింతలు తెలిసినవాడికే అది చమత్కారం. తెలియనివాడికి అది ఉత్త అర్థం. మా కుర్రాడికి జరిగింది అదే: ముందు వెటకారం చేరింది, ఆశీర్వాదం తర్వాత వచ్చింది.

శఠగోపం కథా ఇలాంటిదే. వైష్ణవాలయంలో తీర్థం పుచ్చుకున్నాక తల వంచితే అర్చకుడు కిరీటంలాంటి పాత్రను తలమీద ఆనించి తీస్తాడు. దానిమీద స్వామి పాదాలుంటాయి. నమ్మాళ్వారుకు శఠకోపుడని ఇంకో పేరుంది. ఆళ్వారు స్వామి పాదాలతో సమానం కాబట్టి ఆ పాదాలకు ఆయన పేరే పెట్టుకున్నారు. మనం వంచిన తల ఎత్తేసరికి పాత్ర పక్కవాడి నెత్తి మీద ఉంటుంది. తల వంచి నిలబడటం, చేతికేమీ మిగలకపోవడం. చిట్‌ఫండ్ బాధితుడికి ఇంతకంటే సరిపోయే బొమ్మ దొరకదు, పైగా శఠుడంటే సంస్కృతంలో మోసగాడు కూడాను. హెడ్డింగు పెట్టేవాడు ఎలా ఊరుకుంటాడు?

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఉద్వాసన. ఇంట్లో పూజను షోడశోపచారాలంటారు. పేరు బరువుగా ఉంటుంది గానీ చేసేది చుట్టానికి చేసే మర్యాదే. రండి అని పిలవడం ఆవాహనం, కూర్చోమనడం ఆసనం. కాళ్లకు నీళ్లు పాద్యం, చేతులకు నీళ్లు అర్ఘ్యం, గొంతు తడుపుకోడానికి ఆచమనీయం. తర్వాత స్నానం, బట్టలు, గంధం, పూలు, భోజనం, తాంబూలం. ఎండనపడి వచ్చిన వియ్యంకుడికి మన అరుగుల మీద జరిగిందీ ఇదే వరసలో. అంతా అయ్యాక వినాయకుడి ప్రతిమను చేత్తో కాస్త కదిపి చెప్పేది ఉద్వాసన. ఆ మంత్రంలో మీ చోటికి వెళ్లండి, మళ్లీ రావడానికే వెళ్లండి అన్న వేడుకోలు ఉంది. మనం గడప దాటుతూ వెళ్తాననం, వెళ్లొస్తానంటాం కదా, అదే. ఇంత మర్యాదైన వీడ్కోలును తెచ్చి, మెడబట్టి గెంటడానికి వాడుకున్నాం. పదవి ఊడిన మంత్రిని మళ్లీ రమ్మని ఎవరంటారు? (మన రాజకీయాల్లో వెళ్లినవాళ్లు మళ్లీ రావడం మామూలే అనుకోండి, కాకపోతే వచ్చే పార్టీ వేరు.)

ఇక పెళ్లిళ్ల సంగతి. ఆ పెళ్లికి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. మెహందీ, హల్దీ, సంగీత్, వెడ్డింగ్, రిసెప్షన్ అని అయిదు బొమ్మలు, అయిదు రంగులు. మా మేనత్త కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, "నలుగెప్పుడురా?" అంది. హల్దీ అంటే నలుగే అత్తా అన్నాను. "పిండేదీ?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నలుగు అనేది పని పేరు, ఆ పనికి కలిపిన పిండి పేరు కూడా. సెనగపిండో పెసరపిండో, పసుపు, నూనె కలిపి ఒంటికి పట్టించి నలిచి తీస్తారు. దాని తర్వాత మంగళస్నానం, కొత్తబట్టలు, హారతి. పెళ్లికూతుర్ని చేయడం అని ఒక మాటుంది. అప్పటిదాకా కూతురు, ఆ రోజు నుంచి పెళ్లికూతురు. మామూలు పిల్లను పెళ్లికూతురుగా 'చేసే' పనిలో నలుగు ఒక మెట్టు. హల్దీలో అందరూ పచ్చబట్టలు కట్టుకుని వస్తారు, పసుపు బుగ్గకు రాస్తారు, పూలు ఎగరేస్తారు, ఫొటో బాగా వస్తుంది. మాట మారడంతో ఆగలేదు, పిండి పోయింది, నలిచే చెయ్యీ పోయింది.

అయితే ఒక్క విషయంలో నా ఓటు హల్దీకే. నలుగు ముత్తైదువల పని. భర్త పోయిన మేనత్త వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చూడాలి. మొన్నటి హల్దీలో పిల్ల స్నేహితురాళ్లు మా అత్త చెయ్యిపట్టుకుని లాక్కొచ్చి పీట పక్కన నిలబెట్టారు. ఆవిడే మొదటి పసుపు రాసింది. ముత్తైదువ అన్న మాట ఎంతమందిని గుమ్మం బయట నిలబెట్టిందో ఆ పాతమాటల మీద ప్రేమ ఉన్నవాళ్లం కూడా ఒప్పుకోవాలి. అత్తను పీట దగ్గరకు పిలవడానికి నలుగు అడ్డురాదు, అడ్డొచ్చింది మనమే.

పరాయి మాట అని హల్దీ మీద నాకు కోపం లేదు. భద్రాచలంలో సీతారాముల తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి, వాటిలో గులాల్ కలుపుతారు. గులాల్ ఫారసీ మాట. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ నుంచి వడ్లను గోటితో ఒలిచి పంపే భక్తులున్నారు, ఆ గోటి తలంబ్రాలూ అక్కడికే చేరతాయి. తల, ప్రాలు కలిస్తే తలంబ్రాలు. ప్రాలంటే బియ్యమని ఇప్పుడెవరికీ తెలియదు. అచ్చతెలుగు ప్రాలలో ఫారసీ గులాల్ పడితే రాముడి పెళ్లి ఆగలేదు. అలాగే మధుపర్కం అంటే పెరుగూ తేనె కలిపి వరుడికి ఇచ్చేది. తెలుగువాళ్లం దాన్ని ఆ వేళ పెట్టే బట్టలకు తగిలించాం, ఇవాళ బట్టల కొట్టుకెళ్లి మధుపర్కాలు కావాలంటే తెల్ల పంచె, చీర కొలతలడుగుతారు గానీ తేనె ఇవ్వరు. మాటలు తిరుగుతాయి. తిరిగిన చోట పనిచేస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఒడుగు అన్న మాట తెలుసా? ఉపనయనానికి తెలుగు పేరు. ఇప్పుడు శుభలేఖల్లో 'ఉపనయన మహోత్సవం' అనే వేస్తున్నారు, ఒడుగు అరుదుగా వినబడుతుంది. అదే మాట కోస్తా ఊళ్లలో ముస్లింల ఇళ్లలో బతికుంది, వాళ్లు సున్తీని ఒడుగులు అంటారు. పిల్లవాణ్ని మతంలోకి తెచ్చే వేడుక కాబట్టి పక్కింటివాళ్ల మాటను తెచ్చుకున్నట్టున్నారు. మనింట్లో పారేసుకున్న వస్తువు పొరుగింట్లో భద్రంగా ఉన్నట్టు! క్రైస్తవుల్లో కేథలిక్కులు జ్ఞానస్నానం అంటే ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అంటారు. ఒకరు సంస్కృతం వైపు, ఒకరు గ్రీకు వైపు వెళ్లారు. రెండూ తెలుగే అయ్యాయి. ఎందుకంటే ఆ నీళ్లలో మునిగేవాళ్లు రోజూ ఆ మాటలే వాడతారు.

తెలంగాణ పెళ్లిలో ఐరేని కుండలుంటాయి, కోస్తాలో కొన్నిచోట్ల అరివేణి అంటారు. కుమ్మరి ఇంటికి మేళంతో వెళ్లి, ఆ ఇంటికివ్వాల్సింది ఇచ్చి తెచ్చేవారు. ఇప్పుడు రంగులేసిన కుండలు డెకరేషన్ వాళ్ల వ్యాన్‌లో దిగుతున్నాయి, అవే కుండలు రేపు ఇంకో మండపానికి పోతాయి. వాటిని ఏమంటారని ఆ వ్యాన్ కుర్రాణ్ని అడిగితే "సెట్టు సార్" అన్నాడు.

పట్టించుకుంటే మాట ఎలా నిలబడుతుందో చూడాలంటే ఆషాఢంలో సికింద్రాబాద్ వెళ్లండి. 2014లో బోనాలు, బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగలయ్యాయి. అంతకుముందు లోపలి పేజీలో చిన్న వార్తగా వచ్చిన ఘటం, సాక, తొట్టెల, ఫలహార బండి, రంగం ఇప్పుడు మొదటి పేజీకొచ్చాయి. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడాన్ని రంగం అంటారని గుంటూరు పిల్లలకూ తెలుసు. బోనం అంటే భోజనమే. గుళ్లో నైవేద్యం, వీధిలో బోనం. మాకు వాటిలో వెటకారం చేయడానికి ఇంకా ఏమీ దొరకలేదు, అదో అదృష్టం.

మా పత్రికలోనూ ఒక పేజీలో మాటలు చెక్కుచెదరలేదు. శ్రద్ధాంజలి ప్రకటనలు చూడండి. ఒకరు పరమపదించారు, ఒకరు శివైక్యం చెందారు, ఒకరు ప్రభువునందు నిద్రించారు. పెద్దకర్మ, దశదినకర్మ, సంవత్సరీకం, ఏదీ పొల్లుపోదు. ఆ పేజీ మేం రాయం. డబ్బు కట్టి, ప్రూఫు చూసుకుని, మాట మాటా ఇంట్లోవాళ్లు రాయించుకుంటారు.

చావుకు చూపిన ఆ శ్రద్ధే పెళ్లికీ చూపమని నా మనవి. వచ్చే ముహూర్తాల్లో మీ ఇంట పెళ్లుంటే కార్డు మీద హల్దీ కింద నలుగు అని కూడా వేయించండి. పిండిలో ఏమేం కలపాలో ఇంట్లో పెద్దావిడను అడిగి రాసుకోండి, పసుపు రాయడానికి ఆవిణ్ని ముందు పిలవండి.

నా వంతుగా ఈ వారం నుంచి నా పేజీ హెడ్డింగుల్లో అక్షింతలు మానేసి మందలింపు అని పెట్టమన్నాను. పెద్దమాట, కాలమ్‌లో ఇమడదన్నారు కుర్రాళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. రెండిటికీ నాలుగక్షరాలే.