నోటీసులో ఉన్నది ఊరికి అర్థం కావాలి
పెనుబల్లి మండల గ్రామసభల ముందుకు ఒక ప్రతిపాదన

ప్రభుత్వ కార్యాలయం రాసిన మాట దాన్ని అందుకున్నవారికి అర్థం కాకపోతే ఆ నష్టం భాషతో ఆగిపోదు. ఒకవైపు లంకాసాగర్ ఆయకట్టు, మరొకవైపు అడవి అంచున పోడు భూములు ఉన్న పెనుబల్లి వంటి మండలంలో అది నేరుగా భూమి మీద, గడువుల మీద, హక్కుల మీద పడుతుంది. అందువల్ల భూమికి, అటవీ హక్కులకు సంబంధించి ఈ మండలంలో జారీ అయ్యే ప్రతి నోటీసులో ఎవరు, ఏమి, ఎందుకు నిర్ణయించారో, దానిపై ఎక్కడ, ఎప్పటిలోగా అప్పీలు చేసుకోవాలో వాడుక తెలుగులో స్పష్టంగా ఉండాలని గ్రామసభలు తీర్మానించవలసిన సమయం వచ్చింది.

మాటలు మారిపోతున్నాయన్న బాధ ఏ భాషలోనైనా ఉన్నదే. ఇంగ్లిష్‌లో ఏ మాట ఒప్పు, ఏది తప్పు అన్న వాదాన్ని 1926లో ఫౌలర్ తన ప్రయోగ నిఘంటువులో విస్తారంగా చర్చించాడు. ఆ తరువాత కూడా అక్కడి చదువరులు కొత్త ప్రయోగాలను విసుక్కుంటూనే ఉన్నారు, ఆ ప్రయోగాల్లో చాలా భాగం వాడుకలో స్థిరపడుతూనే ఉన్నాయి. తెలుగులోనూ బస్సు, రోడ్డు, కరెంటు వంటి మాటలపై ఇప్పుడు అభ్యంతరం చెప్పడం వృథా. మండలంలోని ప్రధాన కూడలి వి.ఎం.బంజర పేరులోనే బీడు భూమిని చెప్పే బంజరు అన్న మాట ఉంది, అది హిందీ, ఉర్దూల్లోనూ ఉన్నదే. ఆ కారణంగా ఊరి పేరు మార్చాలని ఎవరూ కోరరు. ఒక మాట ఎక్కడినుంచి వచ్చింది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. దాన్ని పలికేవారికీ వినేవారికీ ఒకే అర్థం తోస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న.

తెలంగాణ రెవెన్యూ పరిభాష చాలావరకు పారసీ, ఉర్దూల నుంచి వచ్చినదే. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో ఏటేటా నమోదు చేస్తూ వచ్చిన పత్రం పహాణీ. పట్టాదారు చనిపోయిన తరువాత వారసుల పేర్లు ఎక్కించడం విరాసత్. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు ఒప్పందం సాదాబైనామా. ఈ మాటలు పుట్టుకతో తెలుగువి కాకపోయినా తరాల తరబడి వాడుకలో నలిగి, అక్షరం రాని రైతుకు కూడా తెలిసినవయ్యాయి. 2020 అక్టోబర్ 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక వాటి స్థానంలోకి మ్యుటేషన్, సక్సెషన్, స్లాట్, గ్రీవెన్స్, మాడ్యూల్ వంటివి ఒక్కసారిగా దిగాయి. విరాసత్ కోసం వెళ్లిన రైతుకు సక్సెషన్ అన్న మాట ఎదురయినప్పుడు, రెండూ ఒకటేనని చెప్పే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి లేదు. అది మీసేవ కేంద్రంలో కూర్చున్న మనిషి ఓపిక మీదనో, మధ్యవర్తి అడిగే ఖర్చుల మీదనో ఆధారపడింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలు మొదలైంది, దాన్ని ముందుగా అమలు చేసిన నాలుగు మండలాల్లో ఇదే ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఒకటి. చట్టమే మారిన ఈ సమయం దాని మాటలను కూడా సరిచేసుకోవడానికి అనువైనది.

అయితే అరువు మాటల కంటే ఎక్కువ హాని చేసేది అరువు వాక్యం. ఇంగ్లిష్ ముసాయిదాను మాటకు మాటగా తెలుగులోకి దించే అలవాటు వల్ల కార్యాలయాల తెలుగులో క్రియకు 'బడు' చేర్చిన కర్మణి వాక్యాలు పెరిగిపోయాయి. కర్మణి వాక్యం అంటే పని చేసినవారిని వెనక్కి నెట్టి, జరిగిన పనిని మాత్రమే ముందుకు తెచ్చే వాక్యం. పాత తెలుగులోనూ ఆ రూపం ఉంది కాని నిత్య వ్యవహారంలో దాని చోటు చాలా తక్కువ. 'మీ దరఖాస్తు తిరస్కరించబడినది' అన్న వాక్యంలో తిరస్కరించినది గ్రామసభా, కల్లూరులోని సబ్ డివిజన్ స్థాయి కమిటీయా, జిల్లా కమిటీయా అన్నది లేదు. అటవీ హక్కుల చట్టం కింద ఆ తేడా చాలా ముఖ్యమైనది, ఎందుకంటే గ్రామసభ నిర్ణయంపై సబ్ డివిజన్ స్థాయి కమిటీకీ, ఆ కమిటీ నిర్ణయంపై జిల్లా స్థాయి కమిటీకీ 60 రోజుల్లోగా వెళ్లాలి. జిల్లా కమిటీ నిర్ణయమే అంతిమం. తిరస్కరించినది ఎవరో తెలియనివారు ఏ గడప తొక్కాలో తెలుసుకునేలోపు గడువు దాటిపోతుంది. 'సరైన ఆధారాలు లేనందున' అన్న ముక్తసరి కారణం కూడా ఇటువంటిదే. దరఖాస్తుదారులు కాని ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ ఒక ఆధారమేనని, ఉపగ్రహ చిత్రాలు ఇతర ఆధారాలకు తోడుగా మాత్రమే పనికివస్తాయని, వాటి స్థానాన్ని ఆక్రమించలేవని నిబంధనలు చెబుతున్నప్పుడు, ఏ ఆధారం చాలలేదో పేరు పెట్టి రాయని నోటీసు ఆ రైతుకు చట్టం ఇచ్చిన అవకాశాన్ని దాచిపెడుతున్నట్లే.

ఇంతకంటే లోతైన తప్పు మాటల ఎంపికలో ఉంది. 2006లో పార్లమెంటు చేసిన ఈ చట్టం పేరులోనే 'హక్కుల గుర్తింపు' అని ఉంది, దాని పీఠిక అడవిలో బతికేవారికి చరిత్రలో జరిగిన అన్యాయాన్ని ఒప్పుకుంటుంది. అంటే 2005 డిసెంబర్ 13 నాటికే అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఉన్నదని రాజ్యం గుర్తిస్తున్నది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవిని ఆధారం చేసుకున్నట్లు చూపాలి. ఆ హక్కును గుర్తించే పత్రాలు 2023లో రాష్ట్రమంతటా చేతికందినప్పుడు వేదికల మీదా పత్రికల్లోనూ వినిపించిన మాటలు 'పోడు పట్టాల పంపిణీ', 'లబ్ధిదారులు'. పంపిణీ అన్నది ఇచ్చేవారి దయను చెప్పే మాట, లబ్ధిదారు అన్నది పొందినవారిని రుణగ్రస్తులుగా నిలబెట్టే మాట. ఉన్న హక్కును గుర్తించినప్పుడు ఆ వ్యక్తి హక్కుదారు, ఆ పత్రం హక్కుపత్రం. ఇక దరఖాస్తు ఇంకా తేలనివారిని 'ఆక్రమణదారులు' అని రాయడం మరింత అన్యాయం. గుర్తింపు, పరిశీలన ప్రక్రియ పూర్తయ్యేవరకు సాగులో ఉన్నవారిని ఖాళీ చేయించరాదని ఆ చట్టం 4వ సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్ చెబుతుండగా, తీర్పు రాకముందే తీర్పు చెప్పే మాటను నోటీసు తలమీద పెట్టే అధికారం ఏ కార్యాలయానికీ లేదు.

నోటీసు రాతకు ఇంత బరువు ఉందనడం అతిశయోక్తి కాదనడానికి 2019 నాటి పరిణామాలే రుజువు. ఆ ఏడాది ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. తిరస్కరణ ఉత్తర్వులు దరఖాస్తుదారులకు సరిగా అందలేదని, కారణాలు తెలుపలేదని కేంద్రం విన్నవించాక, అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసి, ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పాలని రాష్ట్రాలను అడిగింది. లక్షల కుటుంబాల నివాసం అప్పుడు ఒక కాగితం చేరిందా, చేరితే అందులో కారణం ఉందా అన్నదాని మీద వేలాడింది.

ఇంగ్లిష్ దేశాలు తమ కార్యాలయాల భాషను ఎప్పుడో ప్రశ్నించుకున్నాయి. బ్రిటన్‌లో ఎర్నెస్ట్ గోవర్స్ 1948లో ప్రభుత్వోద్యోగుల కోసమే 'ప్లెయిన్ వర్డ్స్' రాశాడు. అమెరికా 2010లో ప్రభుత్వ పత్రాలు సులభంగా అర్థమయ్యేటట్లు ఉండాలని చట్టమే చేసింది. అక్కడ విడిచిపెట్టాలని చూస్తున్న శైలిని ఇక్కడ తెలుగులిపిలో కాపాడుతూ ఉండడం విచారకరం. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966 నాటిది, వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షతన అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. అందువల్ల ఇక్కడ కోరుతున్నది కొత్త హక్కు కాదు. కంప్యూటర్ వ్యవస్థకు ఇంగ్లిష్ పేర్లు తప్పవన్న అభ్యంతరంలో కొంత నిజం ఉంది; మ్యుటేషన్ అన్న మాట తెరమీద ఉండవచ్చు, కాని దాని పక్కనే 'పేరు మార్పు' అని ఉండడానికి ఏ యంత్రమూ అడ్డురాదు. తెలుగు కూడా గూడేలకూ తండాలకూ ఇంటి భాష కాదన్న మాట మరింత బరువైనది. కోయ, లంబాడా కుటుంబాలున్న చోట నోటీసును గ్రామసభలో వారి భాషలో చదివి వినిపించడం తప్పనిసరి చేయాలి. చదివి వినిపించిన తేదీని మినిట్స్‌లో రాస్తే గడువు లెక్కకు కూడా వివాదం ఉండదు.

పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి జరగవలసిన గ్రామసభల్లో వచ్చేదానికే ఈ తీర్మానాన్ని తేవచ్చు. నిర్ణయించినవారి పేరూ హోదా, కారణం, చాలని ఆధారం, అప్పీలు చేయవలసిన కార్యాలయం, ఆఖరి తేదీ లేని నోటీసును అసంపూర్ణమైనదిగా పరిగణించి, సరైన నోటీసు కోరుతూ అటవీ హక్కుల కమిటీ రాతపూర్వకంగా తిప్పిపంపాలి. హక్కుపత్రం పొందినవారిని హక్కుదారులుగా, దరఖాస్తు తేలనివారిని దరఖాస్తుదారులుగా మాత్రమే రికార్డుల్లో రాయాలని అందులోనే కోరాలి. తీర్మానం ప్రతులు పెనుబల్లి తహసీల్దారుకు, కల్లూరు ఆర్డీవోకు, జిల్లా కమిటీ అధ్యక్షులైన ఖమ్మం కలెక్టరుకు, భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి పంపి, ప్రతి చోటా అందినట్లు ముద్ర, తేదీ వేయించుకొని పంచాయతీ కార్యాలయంలో భద్రపరచాలి.