ఉయ్యాల విప్పిన తరువాత



పాలు మాన్పించిన బిడ్డకు ఆ వెనుకనే మరొక మార్పు వస్తుంది. ఉయ్యాల చాలదు. మరి ఎక్కడ పడుకోబెట్టాలి? మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి మన తీర గ్రామాలలో దీనికి పెద్దగా ఆలోచించేవారు తక్కువ. చాప పరుస్తాము, బిడ్డ అమ్మ ప్రక్కన పడుకుంటాడు. ఒక్క గది ఇంట్లో ఇంకేమి చేస్తామని మీరడగవచ్చు. అమ్మ ప్రక్కన అన్నది మాకూ ఇష్టమే. నేల మీద అన్నదే మాకు భయం.

ఆ భయం పేరు కట్లపాము. అది రాత్రివేళ తిరుగుతుంది. ఎలుకలకోసం, పాములకోసం ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద నిద్రించేవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. కాటు నొప్పి అంతగా తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతాయి, తరువాత ఊపిరి అందదు. అట్టి వేళ మంత్రగాని యొద్దకు పోవద్దు, తాడు బిగించవద్దు, కోయవద్దు. బిడ్డను నడవనీయక, పాము విషానికి సూది మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకొనిపోవాలి. మనకు అక్టోబరు నుండి డిసెంబరు వరకే పెద్ద వానలు. 2015లోను 2021లోను నవంబరు వరదలు చూచినవారికి, నీరు ఎక్కినప్పుడు పురుగూ పుట్రా ఎక్కడికి చేరతాయో మేము చెప్పనక్కరలేదు.

కాబట్టి బిడ్డకు మొదటి పడక మూరెడు ఎత్తు మంచమైతే మేలు. పట్నం దుకాణాలలో రంగురంగుల బొమ్మల మంచాలున్నాయి. అవి తల్లిదండ్రుల ముచ్చటకే గాని బిడ్డ నిద్రకు కాదని మా అభిప్రాయం. ఇంట్లో పాత నులకమంచం ఉంటే వడ్రంగిచేత కోళ్ళు కోయించండి. నులక వదులైతే నడుమ గుంట పడుతుంది, బిగించి అల్లించండి. కాళ్ళ వైపు బిగింపు తాళ్ళ సందులో చిన్న కాలు దూరిపోతుంది, అక్కడ మందపాటి బొంత మడిచి కట్టండి. నవారు అయితే ఆ బాధ తక్కువ. గోడకూ మంచానికీ మధ్య బిడ్డ ఇరుక్కొనే సందు ఉండకూడదు. పడినా దెబ్బ తగలకుండ క్రింద మరొక బొంత వేయండి. నల్లులకు నెలకొకసారి ఎండ, మరుగునీళ్ళు తప్పవు.

దోమతెర మరువకండి. నెల్లూరు దోమల సంగతి ఊరంతా ఎరిగినదే! తెర అంచులను పరుపు క్రిందికి నాలుగు వైపులా దోపితే దోమకే కాదు, పాముకూ అడ్డమే. మంచం కొనే స్తోమత లేనివారు కనీసం చాప మీద ఈ తెర దోపినా బిడ్డకు ఎంతో కాపుదల.

బిడ్డ మంచానికి మారిన దినమే చీర ఉయ్యాల విప్పివేయండి. ఎదిగిన పిల్లలు ఆటగా అందులో గిరగిరా తిరిగి, చీర మెడకు చుట్టుకొని చనిపోయిన వార్తలు పత్రికలలో చూస్తూనే ఉన్నాము. దూలానికి వ్రేలాడే ఖాళీ చీర పిల్లలను పిలుస్తుంది.

ఇక రాత్రి సంగతి. క్రొత్త పడక మీద బిడ్డ నిలువడు, దిగి వచ్చేస్తాడు. షిలోహులో బాలుడైన సమూయేలు ఒక్క రాత్రిలో మూడుసార్లు లేచి ఏలీ యొద్దకు పరుగెత్తాడు. ముసలివాడైన ఆ యాజకుడు నిద్ర చెడినదని కసరలేదు, తిరిగి పండుకొమ్మని పంపాడు. పిలిచినదెవరో మూడవసారికి గాని ఆయనకు తోచలేదు. మీరూ బిడ్డ లేచి వచ్చినప్పుడు కొట్టి పంపకండి. చేయి పట్టుకొని తీసుకొనిపోయి, చిన్న ప్రార్థన చేసి, తెర మళ్ళీ దోపండి. ఆ మంచం మీ చేతికి అందేంత దూరంలోనే వేయండి. మొదటి వారమంతా చిన్న దీపం ఉంచండి. దిగే ముందు అమ్మను పిలవడం నేర్పండి, చీకట్లో ఒంటరిగా నేల మీద కాలు పెట్టకుండా.