ఎత్తుకోనివ్వని చోటికే వెళ్లండి

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ 27వ మెయిన్‌లో తెలుగు కుర్రాళ్లు నలుగురు కాఫీకి కూర్చుంటే, మిగిలిన సెలవులు ఎక్కడ వాడుకోవాలన్న చర్చ తప్పదు. లడఖ్ అయింది, బాలి అయింది. ఇక బోర్నియో! అక్కడి ఒరాంగుటాన్ల పునరావాస కేంద్రాల్లో రెండు వారాలు డబ్బు కట్టి మరీ సేవ చేయొచ్చు. కోరిక మంచిదే. చిక్కల్లా చాలామంది ముందే ఊహించుకున్న ఫొటోతోనే: మెడ చుట్టూ చేతులు వేసిన పిల్ల ఒరాంగుటాన్, పక్కన నవ్వుతున్న మన ఇంజినీరు.

ఆ ఫొటో సులువుగా దొరికే చోటుకు వెళ్లకపోవడమే ఆ జీవికి చేసే మొదటి సేవ.

ఒరాంగుటాన్ తల్లి ఏడెనిమిదేళ్లకోసారి గానీ కనదు. పిల్ల ఆరేడేళ్లు తల్లిని వదలదు. అందుకే ఒక పిల్ల మనుషుల చేతికి చిక్కిందంటే, సాధారణంగా అడవిలో దాని తల్లిని చంపేసినట్టే. అలాంటి అనాథల కోసం 1999లో బోర్నియోలోని ఇండోనేసియా భాగంలో, మధ్య కాలిమంతాన్‌లో న్యారు మెంటెంగ్ కేంద్రం మొదలైంది. స్థానిక మహిళలు పిల్లల్ని రోజూ అడవికి తీసుకెళ్లి చెట్టెక్కడం, తినదగిన పండు గుర్తుపట్టడం, కొమ్మలు వంచి గూడు అల్లుకోవడం అలవాటు చేస్తారు. దీనికి ఏళ్లు పడుతుంది. మనిషికి మరీ మాలిమి అయిన జంతువు తిరిగి అడవిలో బతకలేదు. పైగా మన జలుబు, క్షయ వాటికీ అంటుకుంటాయి. 1971లో పరిశోధకురాలు బిరూటే గాల్డికాస్ తంజుంగ్ పుటింగ్ అడవిలో అనాథ పిల్లల్ని ఒంటిమీద మోస్తూ తిరిగిన కాలం వేరు. ఇప్పుడు బాధ్యత తెలిసిన కేంద్రాలు వచ్చిపోయే వాలంటీర్లను జంతువుల దగ్గరికి రానివ్వవు. కంచెలు బాగుచేయడం, పండ్లు కోయడం, అవి వెతుక్కునేలా వెదురు గొట్టాల్లో తేనె దాచిపెట్టడం లాంటి పనులే ఇస్తాయి. విసుగు పుట్టించే పనే, కానీ అక్కడ కావలసింది అదే.

ఇంతకీ అడవి జంతువుల్ని పట్టి అమ్మే ఈ కథ బోర్నియోలోనే జరుగుతోందా? 2025 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో ఐదు సియామాంగ్ గిబ్బన్లు (ఇవీ తోకలేని కోతులే) దొరికాయి. మూడు అప్పటికే చనిపోయాయి. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో 2023 ఆగస్టులో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 234 వన్యప్రాణులు బయటపడ్డాయి. వాటిలో ఊపిరాడక చనిపోయిన కంగారూ పిల్ల కూడా ఉంది. మనిషి చంకలో జంతుపిల్ల ముద్దుగా ఒదిగిన ఫొటోలే ఈ బేరానికి ఉచిత ప్రకటనలు.

వంటింటి సంగతీ ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది భారతదేశమే. దాని తోటల కోసం బోర్నియో, సుమత్రాల్లో వానాడవులు నరికేశారు. (ఏలూరు దగ్గర పెదవేగి చుట్టుపక్కల తోటల్లో పెరిగిన కుర్రాడు ఇక్కడ నొచ్చుకోనక్కర్లేదు. అవి సాగు భూముల్లో వేసినవి.) 2024లో మలేసియా, పామాయిల్ కొనే దేశాలకు ఒరాంగుటాన్లను కానుకగా ఇస్తామంది. విమర్శలు రావడంతో, అవి తమ దేశంలోనే ఉంటాయని, కొనేవాళ్లు వాటి పోషణకు డబ్బివ్వొచ్చని మాట మార్చింది. నూనె కొన్నందుకు అడవి జంతువును కొసరుగా ఇవ్వాలన్న ఆలోచనే సిగ్గుచేటు.

తోకలేని కోతుల మీదే మనసుంటే మన దేశంలోనూ ఒకటుంది, హూలక్ గిబ్బన్. అస్సాంలోని హోలాంగపార్ అభయారణ్యాన్ని రైలు పట్టాలు రెండుగా చీల్చాయి. చెట్టు దిగడానికి ఇష్టపడని గిబ్బన్లు ఇటువైపువి ఇటే ఉండిపోయాయి. వాటి గురించీ కాస్త ఆలోచించండి.

అయినా బోర్నియోకే వెళ్లాలనుకుంటే వెళ్లండి. డబ్బు కట్టేముందు, పిల్లల్ని ఎత్తుకోనిస్తారా అని ఆ కేంద్రాన్ని అడగండి. సరేనంటే మానుకోండి. టీబీ పరీక్ష రిపోర్టు, టీకాల కాగితాలు పంపమంటే కొంత నమ్మొచ్చు. ఈలోగా శనివారాలు ఖాళీగా ఉంటే, కెంగేరి దగ్గర పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రి ఉంది. మాంజా దారానికి రెక్కలు తెగిన గద్దలు అక్కడికి వస్తుంటాయి. ముందు అక్కడ పనేమైనా ఉందేమో అడిగి చూడండి.